రత్నమక్క ఏడు నిమ్మకాయలు, నేను పాడిన వేలం

ఆదివారం, సాయంత్రం.

ఇవాళ అయిన పనులు: అత్తమ్మకు స్నానం, మూడు పూటల మందులు. బట్టలు ఒక విడత. వంట ముగ్గురికి. ఎదురింటి బాల్కనీలో మొక్కలకు నీళ్లు.

వేలం పాట ఒకటి.

ఆ చివరిది మీకు చెప్పాలి.

నిన్న పొద్దున ఆరింటికి ఎదురింటి సునీత మా తలుపు బాదింది. "పిన్నీ, అమ్మ లేవడం లేదు." అంతే అనగలిగింది.

చెప్పులు కూడా లేకుండా పరిగెత్తాను. రత్నమక్క మంచం మీద ఒక పక్కకు ఒరిగి ఉంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టర్ చెప్పారు.

ఇంకా నమ్మలేకపోతున్నాను.

శుక్రవారం సాయంత్రమే ఇద్దరం తన బాల్కనీలో నిలబడి నిమ్మకాయలు లెక్కపెట్టాం. ఏడు.

తెల్లాపూర్‌లో తొమ్మిదో అంతస్తు మీద, కుండీలో నిమ్మచెట్టు కాయదని అపార్ట్‌మెంట్‌లో అందరూ అన్నారు. నేనూ అన్నాను. గచ్చిబౌలి ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు చేసి వచ్చి, నిద్రపోయే ముందు ఆ కుండీకి నీళ్లు పోసేది అక్క. నాలుగేళ్లు. మొదటి కాపు ఈ ఏడు కాయలు.

అవి శనివారం రాత్రి బస్సులో తనతో పాటు వాళ్ల ఊరు వెళ్లాలి. టికెట్ కూడా బుక్ అయింది.

అక్కది నెల్లూరు వైపు, సముద్రం ఒడ్డున చిన్న టౌన్. చుట్టూ నిమ్మతోటలు. చలికాలంలో వాళ్ల చర్చిలో కోత పండగ చేస్తారు. ఎవరి చెట్టు మొదటి కాయలు వాళ్లు తెచ్చి బల్ల మీద పెడతారు. నిమ్మ, బత్తాయి, కమలా, దబ్బ. ప్రార్థన అయ్యాక వాటిని వేలం వేస్తారు. వచ్చింది చర్చికి.

మూడేళ్ల క్రితం మొదటిసారి నన్నూ తీసుకెళ్లింది. నేను పుట్టింది కొండాపూర్‌లో, అది పల్లెగా ఉన్నప్పుడు. మాకు బోనాలు తెలుసు, కోత పండగ తెలియదు. చర్చి ముందు ఇసుకలో షామియానా వేశారు. ఆవరణంతా నిమ్మతొక్క వాసన. మైకు ఆగినప్పుడల్లా వెనక నుంచి సముద్రం వినిపించేది.

సంఘ పెద్ద ఒక దబ్బకాయ పైకెత్తి యాభై రూపాయలన్నారు. కూరగాయల బేరంలో నా సంగతి మీకు తెలుసు కదా. అలవాటుగా చెయ్యెత్తాను.

"ముప్పైకిస్తరా?"

షామియానా అంతా ఒక్కసారిగా నవ్వింది. పైకి పోవాల్సిన పాటను నేను కిందికి లాగాను. అదీ దేవుడి ముందు పెట్టిన కాయను. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రత్నమక్క నవ్వలేదు. లేచి నిలబడి, "ఐదొందలు. మా చెల్లెలి పేరు మీద" అంది. ఆ దబ్బకాయ తెచ్చి నా ఒళ్లో పెట్టాక అప్పుడు నవ్వింది. "ఏంది పద్మా, దేవుడి దగ్గర గూడా బేరమేనా?"

తర్వాత ఒడ్డున కూర్చుని దబ్బకాయ పులిహోర తిన్నాం. పర్సు తీయబోతే నా చేతి మీద ఒక్కటిచ్చింది. "డబ్బులొద్దు. ఎప్పుడన్నా నా కాయలకి నువ్వు పాడు. అప్పుడు చెల్లు."

సరే అన్నాను. కానీ సిగ్గు. తర్వాత రెండుసార్లు వెళ్లాను, ఎవరి కాయలకూ నోరు తెరవలేదు. ఆ ఊళ్లో నా పేరే 'ముప్పై రూపాయల చెల్లెమ్మ' అయిపోయింది.

ఈసారి అక్క దగ్గర సొంత కాయలున్నాయి. నేనేమో కదల్లేను. అత్తమ్మకు తుంటి ఆపరేషన్ అయి పది రోజులే. రాలేనని చెబితే ఊరుకోలేదు.

"ఫోన్లో పాడు. తప్పించుకుందామనుకుంటున్నావా?"

శుక్రవారం నాతో అన్న ఆఖరి మాట అదే.

నిన్న రాత్రి అంబులెన్స్ ఊరికి బయలుదేరే ముందు ఆ కాయలు నేనే కోశాను. తడిగుడ్డలో చుట్టి సునీత చేతిలో పెట్టాను. భూస్థాపన ఇవాళ మధ్యాహ్నం. పండగ ఆపుదామా అని పాస్టర్ అయ్యగారు అడిగితే, అమ్మ ఒప్పుకోదని సునీతే చెప్పిందట.

పొద్దున పదకొండుకు వీడియో కాల్ చేసింది. ఫోన్ మైకు దగ్గర పట్టుకుంది. మా ఆయన వచ్చి నా వెనక నిలబడ్డారు. బల్ల మీద ఏడు కాయలు కనిపించాయి. సంఘ పెద్ద ఒక కాయ పైకెత్తారు. రత్నమ్మ గారి కాయలు, వంద అన్నారు.

అందరూ ఏడుస్తున్నారు.

"ఐదొందలు" అన్నాను.

ఒకటోసారి అన్నారు. రెండోసారి అన్నారు. పోటీకి ఎవరూ రాలేదు. అక్క కాయలు అలా పోవడం నాకు నచ్చలేదు.

"ఆరొందలు."

పెద్దాయన ఫోన్ వైపు వంగారు. "అమ్మా, మీ పాట మీద మీరే పాడతా ఉండారు."

"ఎరుకేనయ్యా. ఎనిమిదొందలు."

మా ఆయన నా భుజం తట్టి, "జర ఆగరాదే" అన్నారు. ఆగలేదు. వెయ్యి అన్నాను.

అప్పుడు ఎవరో ముసలమ్మ గొంతు వినిపించింది. "ముప్పై రూపాయల చెల్లెమ్మేనా ఈమె?"

ఆ ఏడుపులోనే షామియానా మళ్లీ నవ్వింది. ఈసారి నాకు సిగ్గనిపించలేదు. సునీత కూడా నవ్వింది, నిన్నటి నుంచి మొదటిసారి.

కాయలేం చేయమంటారని అడిగారు. భూస్థాపనకు ఎండలో నడిచి వచ్చేవాళ్లకు ఉప్పు, పంచదార వేసి నిమ్మరసం ఇవ్వమన్నాను. ఎవరు నీరసంగా కనిపించినా అక్క చేసే మొదటి వైద్యం అదే. ఏడు కాయలు చాలవు కదా, బల్ల మీద మిగతావాళ్ల కాయలూ కలిపారట.

కుండీ ఇక నా పూచీ. సునీతకు చెప్పేశాను. వచ్చే పండక్కి కాయలు నేనే బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్తాను. చెట్టు కాస్తుందా అని ఈసారి ఎవరూ నన్ను అడగొద్దు.

అక్కా, సముద్రం వినిపించే నీ ఊరి ఇసుకలో హాయిగా నిద్రపో. ఇక నైట్ డ్యూటీలు లేవు.

నీకు నేను బాకీ ఉన్న పాట ఒకటి. చెల్లు.