పూజలందుకున్న మైక్రోస్కోపు

మొన్న సాయంత్రం మా మనవరాలు బడి నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, "తాతా, ఈ పొద్దు మేము ఉల్లిగడ్డ పొరలో ఇటుకలు సూసినాం" అంది. రెండో తరగతి పిల్ల. ఉల్లిగడ్డలో నేను ఇన్నేళ్లుగా చూసింది కన్నీళ్లే. "ఇటుకలు యాడివే? మేస్త్రీ గూడా ఉండాడా లోపల?" అని పైకి ఎగతాళి చేశాను గానీ, లోలోపల కుళ్లుకున్నాను. శనివారం ఇంట్లోని పెద్దవాళ్లనూ బడికి రమ్మన్నారట, కావాలంటే నన్నూ మైక్రోస్కోపులో చూడనిస్తారట. కావాలంటేనా! ఆ గొట్టంలోకి ఒక్కసారి తొంగిచూడాలని దాని వయసు నుంచీ కాచుకుని ఉన్నవాణ్ణి నేను.

తిరుచానూరులో మా వీధి చివరి సర్కారు ఎలిమెంటరీ బడి అది. ఇప్పుడు దాన్ని సైన్సూ టెక్నాలజీ నేర్పే బడిగా మార్చి, గోడల నిండా గ్రహాలు వేశారు. పిల్లలు బ్యాటరీకి తీగలు కలిపి బల్బు వెలిగిస్తారు, ట్యాబు నొక్కి బొమ్మకారును నడిపిస్తారు. నేను చదివిందీ అక్కడే, నాలుగో తరగతి వరకు. ఆ తర్వాత నాయన నన్ను పూలదండలు కట్టడానికి అంగట్లో కూర్చోబెట్టాడు. అలాగని మా కాలంలో ఆ బడికి సైన్సు లేదనుకోకండి. చెక్కపెట్టెలో ఉండేది, తాళం వేసి. ఒక మైక్రోస్కోపు, ఒక అయస్కాంతం, కొన్ని గాజు గొట్టాలు. పగిలితే పైవాళ్లకు జవాబు చెప్పుకోవాలన్న భయంతో పెద్దయ్యవారు ఆ పెట్టెను ఏడాదికి ఒక్కరోజే తెరిచేవారు, ఆయుధపూజ నాడు. మైక్రోస్కోపును తెల్లటి తుండుగుడ్డ మీద నిలబెట్టి, ఇత్తడి గొట్టానికి పసుపు పూసి, సరిగ్గా కన్ను పెట్టి చూడాల్సిన గాజు మీదే ఇంత కుంకుమ బొట్టు పెట్టి, కర్పూరం వెలిగించేవారు. ఆపైన బొరుగులూ బెల్లమూ పంచి, మళ్లీ తాళం. దండ మా అంగడిదే. మోసుకుపోయేది నేనే కాబట్టి అందరికన్నా దగ్గరగా నిలబడే భాగ్యం నాది. ఒకసారి వేలు చాచాను. "ఒరే, ముట్టుకున్నావంటే చెయ్యి ఇరుగుతాది! సరస్వతమ్మ ఉండాది దాంట్లో. ఆడనే నిలబడి దండం పెట్టుకో" అని కసిరారు అయ్యవారు. పెట్టుకున్నాను. మా చామంతి దండ మాత్రం దర్జాగా దాని మెడ మీద వాలి కూర్చుంది. పూలను చూసి కుళ్లుకున్న పిల్లవాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను.

శనివారం చొక్కా ఇస్త్రీ చేయించుకుని బయల్దేరాను. "పెండ్లిచూపులకు గూడా ఇట్ల తయారు కాలేదు గదా నువ్వు" అని మా ఇంటిది దెప్పింది. బడిలో మైక్రోస్కోపులు వరసగా బల్ల మీద ఉన్నాయి, బొట్టూ లేదు, భయమూ లేదు. ఒకటో తరగతి బుడతడొకడు జామకాయ తింటున్న చేత్తోనే ఒకదాన్ని తిప్పేస్తున్నాడు. టీచరమ్మ చూసి, "చెయ్యి తుడుచుకో నాయనా" అంది. అంతే. అంతేనా! నాకు ఒళ్లు మండిపోయింది.

మనవరాలు నన్ను పిల్లల స్టూలు మీద కూర్చోబెట్టింది. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. కన్ను పెట్టాను.

"ఏముండాది తాతా?"

"గడ్డి దుబ్బు."

"అయ్యో, అది నీ రెప్ప వెంట్రుకలు! కొంచెం ఎనక్కి రా."

దాని చిన్న వేళ్లు నా చెంప పక్కనే మర తిప్పాయి, ఇంట్లో కుళాయి తిప్పినంత నిర్లక్ష్యంగా. గబుక్కున ఇటుకలు! గోడ కట్టినట్టు వరసలు వరసలు, ఒక్కో ఇటుకలో ఒక్కో చుక్క. రెండో కన్ను అరచేత్తో గట్టిగా మూసుకున్నాను.

"బాగుండాదా?" అంది.

"బాగలేదు పో. ఇన్నాళ్లూ నాకెందుకు సూపిచ్చలేదు?"

"నేను గూడా మొన్ననే గదా తాతా సూసింది" అంది పాపం, తప్పేదో తనదే అయినట్టు. ఏడేళ్ల పిల్లను చూసి కుళ్లుకునే తాతకు ఆ మాటతో సిగ్గు రావాలి. రాలేదు. లేవబుద్ధీ కాలేదు. వెనక వరసలో పిల్లలు, "అయిపాయనా తాతా? లెయ్, మేము సూడాల" అని గోల. "ఉండండ్రా, ఇంకొంచేపు" అంటూ కన్ను అక్కడే అంటించుకుని కూర్చున్నాను. కాలం నా చిన్నతనమంతా సెలవు పెట్టి, నా మనవరాలి వంతుకు డ్యూటీలో చేరింది. సరే, చేరనీ. చేరిన రోజే నన్ను లేవమనడం మాత్రం అన్యాయం.