బండి పలుకుతుందేమోనని

రిమోటు అలారాలు కొత్తగా వచ్చిన రోజులవి. మడివాళలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న పెద్దాయన, రోడ్డు పక్క బండ్లు ఆపి ఉన్నచోటల్లా నా మీదుగా కిటికీలోంచి చెయ్యి చాపుతున్నాడు. చేతిలో తాళంచెవికి వేలాడే చిన్న రిమోటు. విసుగొచ్చి, ఏమిటని అడిగాను.

"నా బండి దొంగలెత్తుకపోయినారప్పా. అలారం పెట్టిచ్చింటి. ఇది నొక్కితే, దగ్గర్లో ఉంటే కుయ్యంటాది."

"ఎప్పుడు పోయింది?"

"ఉగాదికి ముందు."

అప్పటికి దసరా దాటింది.

"ఇంకా బండిలో బ్యాటరీ ఉంటుందా?"

"దాంట్లో ఉండాదో లేదో. దీంట్లో మాత్రం మారుస్తానే ఉండా."

మళ్లీ తనే అన్నాడు. "మా ఇంటామెకి బండెక్కాలంటే భయం. పట్టుకునేదానికని వెనకాల కడ్డీ ఏపిచ్చినా. ఆమె పోయినంక బండంతా తుడుస్తా ఉంటి గానీ, ఆ కడ్డీ మాత్రం తుడవలేదప్పా."

రిమోటు ఇమ్మని చెయ్యి చాపాను.

అక్కణ్ణించి బండ్ల వరస కనబడిన ప్రతిచోటా నేనే నొక్కాను. ఏదీ పలకలేదు. మహదేవపురలో నా స్టాపు వచ్చింది. లేవలేదు. తర్వాతి స్టాపులో సినిమా హాలుంది. అక్కడ బండ్లు చాలా ఉంటాయి.