నేరేడు చెట్టు మొనగాడు

వచ్చిన చుట్టాల ముందు తమ్ముడు కోతలు మొదలుపెట్టాడు. "మా పెరట్లో నేరేడు చెట్టుండేది. చిన్నప్పుడు చిటారుకొమ్మదాకా పాకేవాణ్ణి. అదంటే నాకు ప్రాణం!"

మూల కుట్టుమిషను దగ్గరున్న అక్కకి ఒళ్లు మండింది. ఎక్కిందల్లా తను. ఈ మొనగాడు కింద చొక్కా చాపి నిలబడి, పళ్లు రాలడం కాస్త ఆలస్యమైతే ఏడుపు లంకించుకునేవాడు. పెద్దయ్యాక, కొత్త కారు మీద మరకలు పడుతున్నాయని ఆ ప్రాణాన్నే కొట్టించి సోఫా చేయించుకున్నాడు. ఇప్పుడు దాని మీదే కాలు మీద కాలేసుకుని కళ్లొత్తుకుంటున్నాడు.

"నేనెలా ఎక్కేవాణ్ణో నువ్వు చెప్పక్కా!"

అక్క దారం పంటితో పుటుక్కున తెంపి, లేచొచ్చి సోఫా చెక్క మీద తట్టింది.

"నువ్వీ చెట్టెక్కి కూర్చోగా చూడ్డం ఇదే మొదటిసారిరా!"