దొరగారి ఊరి చర్చి, మా వసారా

మా ఊరి చర్చికి ఎండాకాలం ఆరాధనకి వెళ్లినవాళ్లకి నరకం గురించి వేరే ప్రసంగం అక్కర్లేదు. గోదావరి జిల్లా ఎండలో, మంచు జారిపోవడానికి కట్టినట్టు నిటారుగా లేచిన కప్పు. పైన మొనదేలి, గాలి దూరని సన్నటి కిటికీలు. దాన్ని కట్టించిన మిషన్ దొర కెనడా నుంచి వచ్చాడు. తన పల్లెలోని చర్చిని మనసులో పెట్టుకుని, మా ఎండని మాత్రం పెట్టుకోకుండా కట్టేశాడు. ఆయన ఊరి పేరు గుమ్మం పక్క రాతిపలక మీద ఉంది.

మా ఊరికి వెలుపల రెండు పేటలు. ఊరు రెండింటినీ దూరం పెట్టింది. అది చాలదన్నట్టు పై పేటవాళ్లు కింది పేటవాళ్లని దూరం పెట్టారు. మాది కింది పేట. ఒకే దేవుణ్ణి నమ్ముకున్నా పై పేటవాళ్లు చర్చి లోపల కూర్చునేవారు, మేము చర్చి గోడకి ఆనించి కట్టిన పక్క వసారాలో కూర్చుని కిటికీలోంచి వాక్యం వినేవాళ్లం. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఆ వసారా కొట్టేసి, మాకు విడిగా ఇంకో చర్చి కట్టుకున్నాం. ఇప్పుడు రెండు చర్చిలు, రెండు శ్మశానాలు. ఆ పాత వసారా గురించి మా అమ్మమ్మ మాత్రం పోయేదాకా ఒకటే మాట అనేది: "దొర మనకోసమని ప్రత్యేకంగా కట్టించాడు. మనమంటే అంత ప్రేమ." మా పేటకి గర్వంగా చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఒక్క మాటే.

నేను ఇప్పుడు కెనడాలోనే, నార్త్ యార్క్‌లో ఉంటాను, బిల్డింగ్ ప్లాన్లు గీసే ఆఫీసులో పని. నిరుడు అమ్మ, తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద నా దగ్గరికి వచ్చింది. ఒక ఆదివారం రాతిపలక మీది ఊరి కోసం ఫోన్‌లో వెతికితే, మేముండే అంటారియో రాష్ట్రంలోనే, ఇక్కడి లండన్ అనే ఊరికి గంట దూరంలో దొరికింది. చర్చి ఫొటో చూపిస్తే అమ్మ కళ్లజోడు తుడుచుకుని చూసి, "పక్కన వసారా ఉందా?" అని అడిగింది. ఫొటోలో ముందు గోడ మాత్రమే ఉంది.

"చూసొద్దామే," అంది. అక్కడ వసారా లేకపోతే, దొర దాన్ని మా కోసమే కట్టాడన్న అమ్మమ్మ మాట నిజమైనట్టే. నాకూ అదే కావాలనిపించింది.

అక్టోబరు రెండో శనివారం, తెల్లవారుతుండగా సబ్‌వే ఎక్కి యూనియన్ స్టేషన్‌లో దిగాం. ఎనిమిది దాటాక లండన్ రైలు. వెళ్లాలనుకునేవారు టికెట్లు ముందే కొనుక్కోవడం మంచిది, ఆఖరి రోజుల్లో ధర చూస్తే ప్రయాణం మీద ఆశ పోతుంది. "రెండు గంటల్లో లండనా?" అని అమ్మ నవ్వింది. పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది.

ఓక్‌విల్‌లో ఒక తెలుగాయన ఎక్కారు. యూనివర్సిటీలో ఉన్న కొడుకుని చూడటానికి వెళ్తున్నారట. మా మాటలు విని ఎదురు సీట్లోకి వచ్చారు.

"ఎక్కడండీ మనది?"

"గోదావరి జిల్లా."

"అరె, మాదీ అటే. ఇంటిపేరేంటండీ?"

చెప్పాను. "అంటే మీరూ..." అని ఆగారు.

"చర్చి చూడ్డానికి ఎల్తన్నామండి," అంది అమ్మ, ఆయన వెతుక్కుంటున్నది చేతిలో పెడుతూ.

"ఓ, మంచిదండీ," అని ల్యాప్‌టాప్ తెరిచారు. లండన్ వచ్చేదాకా మూయలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. విమానం ఎక్కినంత మాత్రాన పోతుందని నేనెందుకు అనుకుంటానో తెలియదు. అమ్మ ఆయనకి కూడా పులిహోర పెట్టబోయింది. వద్దన్నారు. నేను రెండోసారి అడగనివ్వలేదు.

లండన్ స్టేషన్ బయట స్వప్న కారుతో ఉంది. నా స్నేహితురాలి చెల్లెలు, కరీంనగర్ పిల్ల. సార్నియాలో చదువు ముగించి ఇక్కడ ఉద్యోగం చేస్తోంది.

"ఆంటీ, మీరు ముందట కూసోండి," అని అమ్మకి డోర్ తీసింది. "గా ఊరికి బస్సు లేదు. సార్నియాల గిట్లనే బస్సుల్లేక మస్తు తిప్పలు పడ్డ. ఫస్ట్ జీతంతోని కారే కొన్న."

దారి పొడుగునా కోసేసిన మొక్కజొన్న చేలు. ఊళ్లో ఒక కాఫీ దుకాణం తప్ప తినడానికేమీ లేదు, ఉండటానికి గది అసలే లేదు. పదకొండున్నరకి చర్చి కనిపించింది. అమ్మ ఒక్కసారిగా నా భుజం పట్టుకుంది. అదే కప్పు, అవే కిటికీలు. మా ఊరి చర్చిని ఎవరో తీసుకొచ్చి చలిలో పెట్టినట్టుంది.

చర్చి తాళంచెవులు దగ్గర ఉంచుకునే మార్గరెట్ గారు మా కోసం మెట్ల మీద నిలబడి ఉన్నారు. డెబ్భై దాటిన మనిషి, ముందే ఉత్తరం రాసి అడిగితే సరేనన్నారు. అమ్మ గుమ్మం దగ్గర బూట్లు విప్పేసింది. నేల చల్లగా ఉంటుంది, అక్కర్లేదు అని ఆవిడ చెబుతున్నా వినలేదు.

లోపల చెక్క కప్పు తిరగేసిన పడవలా ఉంది. తూర్పు గోడకి పెద్ద కిటికీ. ఈ ఊరివాళ్ల తాతముత్తాతలు ఇంగ్లండ్ పల్లెల నుంచి వచ్చి అడవి కొట్టుకుని బతికినవాళ్లట. వాళ్లు వదిలి వచ్చిన చర్చిలకి బరువైన రాతి గోడలు. అవి పక్కకి ఒరిగిపోకుండా బయట ఊతగా దిమ్మలు కట్టేవారు. ఇక్కడివి పల్చటి ఇటుక గోడలు, ఊత అవసరమే లేదు. అయినా దిమ్మలు కట్టారు.

"అవి లేకపోతే వాళ్ల కంటికి చర్చిలా అనిపించేది కాదేమో," అన్నారు మార్గరెట్ గారు.

మా ఊళ్లోనూ అవే దిమ్మలు ఉన్నాయి. ఇంగ్లండ్‌కి ఇది నకలు, దీనికి మాది నకలు. ఎవరికీ అవసరం లేనిది అంత శ్రద్ధగా మోసుకొచ్చారు.

బెంచీల చివర చిన్న ఇత్తడి నంబర్లున్నాయి. పూర్వం కుటుంబాలు అద్దె కట్టి బెంచీలు ఉంచుకునేవట. డబ్బున్నవాళ్లకి ముందు, లేనివాళ్లకి వెనక. అమ్మ నేరుగా వెళ్లి మొదటి బెంచీలో కూర్చుంది. అది ఒకప్పుడు ఊరి పిండిమిల్లు యజమానులదట అని చెప్పాను. విన్నది, లేవలేదు.

"ఎంతసేపైనా కూర్చోమనండి," అన్నారు మార్గరెట్ గారు. "మొన్న ఈస్టర్‌తో ఆరాధనలు ఆపేశాం. చివరికి ఆరుగురం మిగిలాం. అమ్మకానికి పెట్టారు, ఎవరో ఇల్లు చేసుకుంటారట." చెబుతూ కిటికీ వైపు తిరిగారు.

తరువాత బయటికి తీసుకెళ్లారు. చర్చి పక్కన, పది అడుగుల దూరంలో, ఒకవైపు తెరిచి ఉన్న పొడవాటి చెక్క వసారా. ఇక్కడా ఉంది! అమ్మమ్మ మాట ఓడిపోయినా, మా వసారాని మళ్లీ చూసినట్టు నాకు మొదట సంతోషమే వేసింది. వెనక గోడకి ఇనప కడియాలు చూశాక ఆగిపోయాను. మా వసారాలోనూ ఉండేవి. గొడుగులు తగిలించుకోడానికి దొర పెట్టించాడని అమ్మమ్మ చెప్పేది. గోడ పొడుగునా ఉన్న తొట్టి కూడా అచ్చం మాదానిలాంటిదే. మా ఊళ్లో పసిపిల్లల్ని అందులో పడుకోబెట్టేవారు.

"ఇది గుర్రాల షెడ్డు," అన్నారు మార్గరెట్ గారు, మొదటిసారి మొహం విప్పారగా. "ఆరాధన అయ్యేదాకా గుర్రాల్ని ఈ కడియాలకి కట్టి, తొట్లో దాణా వేసేవారు. ఇలాంటివి చాలా తక్కువ మిగిలాయి. చర్చి పోయినా దీన్ని మ్యూజియంకి తరలించి కాపాడతారు."

నేను ఎనిమిదేళ్లు దేవుడి మాట విన్నది గుర్రాల కొట్టంలో కూర్చుని.

"ఏవంటందే?" అని అమ్మ అడిగింది.

"దూరం నుంచి వచ్చినవాళ్లు ఆగడానికట," అన్నాను.

అమ్మ కడియం మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. స్వప్న ఫొటో తీస్తానంటే వద్దంది.

సాయంత్రం రైల్లో మిగిలిన పులిహోర తిన్నాం. బయట చీకటి పడుతోంది. అమ్మ డబ్బా మూత పెడుతూ, "హార్స్ అంటే నాకు తెలుసులేవే," అంది.

నేను కిటికీ నుంచి ఆవిడ వైపు తిరిగాను.

"మీ అమ్మమ్మకీ తెలుసు. కడియాలు, తొట్టి చూస్తే తెలీదా ఏటి? పశువులు కాసినోళ్లం. నిన్నూ ఆ తొట్లోనే పడుకోబెట్టాను. ప్రభువుని పడుకోబెడితే పండగ చేస్తారు గదా, మనకేం తక్కువని మీ అమ్మమ్మ నవ్వేది. నీకు చెప్తే చర్చికి రావని చెప్పలేదు."

"మరి ప్రేమతో కట్టాడని ఎందుకు చెప్పింది?"

"దొర తన గుర్రానికే కట్టుకున్నాడు. పై పేటోళ్లు మనల్ని లోపలికి రానియ్యకపోతే, వానలో తడుస్తన్నామని గుర్రాన్ని తీసుకెళ్లి బయట చెట్టుకి కట్టి, దాని చోటు మనకిచ్చాడంట. అది ప్రేమే గదా. లోపలికి తీసుకెళ్లి కూచోబెట్టడం మాత్రం ఆయనకి తోచలేదు."

"తెలిసి మరి ఎందుకొచ్చావమ్మా ఇంత దూరం?"

"వాళ్ల ఊళ్లో కూడా మనుషులెవరైనా అందులో కూచునేవోరేమో చూద్దామని. లేరు." కొంగు సర్దుకుంది. "గుర్రాలే."

ఓక్‌విల్ దాటాం. పొద్దుటి తెలుగాయన ఈ రైల్లో లేరు. ఉండి ఉంటే నా ఇంటిపేరు వివరంగా చెప్పేదాన్ని. దిమ్మలు, కిటికీలు, కప్పు చూడాలనుకునేవారు ఆ చర్చి అమ్ముడుపోకముందే వెళ్లండి, నిజంగా అందమైనది. షెడ్డుకి తొందరేమీ లేదు. దాన్ని ఎలాగూ కాపాడతారు.

యూనియన్ స్టేషన్ దగ్గరపడుతుండగా అమ్మ బూట్ల తాళ్లు బిగించుకుంటూ అంది, "అయినా మొదటి బెంచీలో కూచున్నాను గదే. ఒక్కళ్లూ లేవమన్లేదు."

లేవమనడానికి అక్కడ ఎవరూ మిగల్లేదని నేను చెప్పలేదు. అది కూడా ఆవిడకి తెలిసే ఉంటుంది.