క్యాంపు పిల్ల జానపదం

తనలాంటి గాయని పుట్టడం బోధన్ చెరుకు తోటల అదృష్టమని నాగకుమారి చాలాకాలం నమ్మింది. ఆమె తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చి, బోధన్ దగ్గర, కోస్తా నుంచి వలసొచ్చిన రైతులు కట్టుకున్న క్యాంపులో కాలవ కింద పొలం కొన్నాడు. నాన్న రత్తయ్య అందులోనే చెరుకు వేస్తాడు. ఆమె మాత్రం బోధన్‌లో సంగీతం టీచరు దగ్గర వర్ణాల దాకా నేర్చుకుంది. బడిలో, కాలేజీలో ఏ సభ జరిగినా ప్రార్థనా గీతం ఆమెదే. జనం లేచి నిలబడి వినేవారు. ప్రార్థనకు ఎవరు పాడినా లేచే నిలబడతారని ఆమెకు డిగ్రీ అయ్యాకగానీ తట్టలేదు.

ఈలోగా ఆ ధీమాతోనే నిజామాబాద్ వెళ్లింది. అక్కడ సెల్‌ఫోన్ దుకాణం పైగదిలో భూమేష్ అనే అతను స్టూడియో పెట్టి, యూట్యూబ్‌లో జానపదాలు వదులుతుంటాడు. కలుపు తీయడానికి నేస్తాన్ని పిలిచే పాట ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. నాగకుమారి కళ్లు మూసుకుని, ప్రతి మాటకీ ఒక గమకం చుట్టి పాడింది. కళ్లు తెరిచేసరికి భూమేష్ తల పట్టుకుని ఉన్నాడు. పరవశమనుకుంది.

"అక్కా, కలుపుకు పిలుస్తున్నవా, హారతి ఇస్తున్నవా?" అన్నాడతను.

"శ్రుతి ఎక్కడ తప్పానో చెప్పండి."

"శ్రుతి మంచిగనే ఉన్నది. నువ్వు గిట్ల పిలిస్తె ఎవ్వరు రారు, గదే బాధ. కొన్ని దినాలు మా అవ్వ కాడ కూసో."

భూమేష్ తల్లి భూమవ్వ వాకిట్లో ఇరుగుపొరుగు ఆడవాళ్లతో కూర్చుని బీడీలు చుడుతుంది. "చూడు"ని "సూడు" అనడానికి నాగకుమారి పడే అవస్థ వాళ్లకు టీవీ కంటే బాగుంది.

"మీ బాపు సేనుల ఉన్నడనుకో బిడ్డా. బువ్వకు ఎట్ల పిలుస్తవ్?" అని అడిగింది భూమవ్వ.

ఏపుగా పెరిగిన చెరుకులో మనిషి కనబడడు. గట్టు మీద నిలబడి గొంతు చించుకోవాల్సిందే. ఆ కేక విన్నప్పుడల్లా అమ్మ సుధారాణి, "ఆడపిల్లవా, ఫ్యాక్టరీ సైరనువా?" అని తిట్టేది. నాగకుమారి సిగ్గుపడుతూనే "నాన్నోయ్!" అని కేక పెట్టింది. పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూశారు.

"గా గొంతుతోని పాడు," అని భూమవ్వ మళ్లీ ఆకు చేతిలోకి తీసుకుంది.

రికార్డింగ్ రోజు అలాగే పాడింది. ఆ ఊపులో "రాయే సెల్లే" అనాల్సిన చోట "రావేంటే బాబూ!" అని క్యాంపు మాట జారిపోయింది. మళ్లీ పాడతానని బతిమాలినా భూమేష్ వినలేదు. అట్లాగే వదిలేశాడు.

పాట మొత్తం ఎందరు విన్నారో తెలియదుగానీ, ఆ ఒక్క ముక్క రీల్స్‌లో ఊరూరా తిరిగింది. నిద్ర లేవని మొగుడికి, స్టార్ట్ కాని ట్రాక్టరుకి, కదలని బర్రెకి అందరూ అదే పెట్టుకున్నారు. వర్ణాలు నేర్చిన గొంతు బర్రె వెనకాల వినబడుతుంటే నాగకుమారి ఓ పూటంతా ఏడ్చింది. ఓదార్చడానికి వచ్చిన రత్తయ్య, "ఆ బర్రెది ఇంకోసారి పెట్టమ్మా," అన్నాడు. ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

ఆ యేడు బోధన్‌లో వినాయక మండపం వాళ్లు పాడమని పిలిచారు. ఫ్లెక్సీ మీద ఆమె పేరు లేదు, "రావేంటే బాబూ ఫేం" అని మాత్రం ఉంది. రెండో చరణం మరిచిపోయి నీళ్లు నమిలితే జనమే అందుకుని పాడేశారు.

ఇప్పుడు మోస్రా నుంచి నిజామాబాద్ దాకా పెళ్లిళ్లకు పిలుస్తున్నారు. మొన్న బస్సెక్కేటప్పుడు, జనం మీద పడతారేమోనని మాస్కు, నల్లద్దాలు పెట్టుకుంది. ఎవరూ చూడలేదు. కాసేపటికి అద్దాలు తీసింది. ఊరు దాటాక మాస్కూ తీసింది. పక్కనున్న ముసలమ్మ ఆమె ముఖంలోకి తేరిపార చూసి, "జర జరుగు బిడ్డా, మూట వెట్టుకుంట," అంది.