ఆరున్నర లక్షల్లో ఒకటి

కాజీపేట దాటగానే, రోజూ రైల్లో వెళ్లే ఉద్యోగులు మోకాళ్ల మీద తువ్వాలు పరిచి పేకలు కలుపుతారు. ఆ చప్పుడు వినపడితే నేను కిటికీ వైపు తిరిగిపోతాను. సాంబయ్య సార్ గుర్తొస్తారు.

హనుమకొండలో డిగ్రీ చదివేటప్పుడు ఆయన మాకు స్టాటిస్టిక్స్ చెప్పారు. వర్ధన్నపేట దగ్గరి రైతు కుటుంబం వారిది. సంభావ్యత పాఠానికి జేబులో పేకముక్కలు పెట్టుకుని వచ్చేవారు. పోకర్ ఆటలో అన్నిటికన్నా అరుదుగా పడే ఐదు ముక్కలు ఏవో చూపించారు: ఒకే గుర్తులో పది, జాకీ, రాణి, రాజు, ఆసు. ఆరున్నర లక్షల సార్లు పంచితే సుమారు ఒక్కసారి పడతాయని బోర్డు మీద లెక్క కట్టారు. ఆ లెక్క అందం చూసే నాకు చదువు మీద ప్రేమ పుట్టింది. డిగ్రీతో చాలని మా నాన్న అంటే, ఇంటికొచ్చి నచ్చజెప్పి నన్ను ఎమ్మెస్సీలో చేర్పించిందీ ఆయనే.

నేను ఉద్యోగంలో చేరిన ఏడాదే, సార్ ఒక్కగానొక్క కూతురు శ్రావ్యకు నరాల జబ్బు వచ్చింది. పదో తరగతి పిల్ల. మొదట చేతిలో పెన్ను నిలవలేదు, తర్వాత నడక పోయింది. లక్షల్లో ఒకరికి వచ్చే జబ్బన్నారు డాక్టర్లు. నేను దవాఖానకు వెళ్లి, మందులతో కోలుకున్నవాళ్లు ఉన్నారని, ఏమీ కాదని ధైర్యం చెప్పబోయాను. సార్ నన్ను మధ్యలోనే ఆపారు.

“లక్షలల్ల ఒకటి అని ఇన్నేండ్లు పాఠం చెప్పిన గదమ్మా. ఆ ఒక్కటి ఎవలింట్ల పడ్తదని ఒక్కనాడన్న ఆలోచన చేసిన్నా?”

వానలు మొదలు కాకముందే శ్రావ్య పోయింది.

తర్వాత సుబేదారిలోని వాళ్లింటికి వెళితే, సార్ వరండాలో చాప మీద కూర్చుని పేకలు పంచుతున్నారు. ఐదు ముక్కలు వేయడం, చూడటం, మళ్లీ కలపడం. పొద్దున్నుంచీ ఇదే పని అని, అన్నం కూడా ముట్టడం లేదని ఆయన భార్య చెప్పింది. ఏం చేస్తున్నారు సార్ అని అడిగాను.

“ఆ ఐదు పడాలె. ఒక్కసారి నా కండ్లతోని జూస్తె, ఎవలూ చెయ్యకుంట ఉత్తగనే పడ్తదని నమ్ముత. బిడ్డ సంగతి గూడ గట్లనే అనుకుంట.”

ఎన్నేళ్లు పంచినా పడకపోవచ్చని ఆయనకు నేను చెప్పాలా? పక్కన కూర్చుని, ఆయన వేసిన ముక్కలు సర్ది ఇస్తూ ఉండిపోయాను. ఆ తర్వాత కూడా చాలాసార్లు వెళ్లాను. అవి పడలేదు. సార్ మళ్లీ కాలేజీ మెట్లెక్కలేదు. ఒక మధ్యాహ్నం అదే చాప మీద ఒరిగి ప్రాణం విడిచారు.

ఇప్పుడు నా విద్యార్థులకు ఆ సంభావ్యత పాఠం నేను చెబుతున్నాను. ఎవరింట్లోనైనా కష్టం వస్తే వెళ్లి పక్కన కూర్చుంటాను. ఏమీ కాదన్న మాట మాత్రం నా నోట రాదు.