పెట్టుబడి చీరల పావడలు

వ్యాపారంలో పెట్టిన పెట్టుబడి తిరిగొస్తుందో రాదో నేను చెప్పలేను గానీ, మా నెల్లూరు వైపు పెట్టుబడి చీర మాత్రం తప్పకుండా తిరిగొస్తుంది. పెళ్ళికో గృహప్రవేశానికో వచ్చిన ఆడవాళ్ళకు బొట్టు పెట్టి, తాంబూలంతో పాటు చేతిలో పెట్టే చీర అది. కట్టుకోవడానికి పనికిరాదని ఇచ్చేవాళ్ళకూ తెలుసు, పుచ్చుకునేవాళ్ళకూ తెలుసు. మడత విప్పకుండా బీరువాలో దాచి, తర్వాతి శుభకార్యంలో ఇంకొకరి చేతిలో పెడతాం. ఆ మడతలు నేను విప్పాను. విప్పి, కత్తెర కూడా పెట్టాను.

కారణం మా అమ్మాయి. పోయిన సంవత్సరం తిరునాళ్ళలో మా ఊరి ఆడపిల్లలు పన్నెండు మంది కోలాటం వేశారు. బట్టలు టౌన్‌లో అద్దెకు తెచ్చారు. ఎవరి కొలతకు కుట్టినవో ఏమో, పావడలకు నడుము దగ్గర ఎలాస్టిక్ సాగిపోయి ఉంది. రెండు చేతులూ పైకెత్తి కర్రలు కొట్టే చోట మా పిల్ల పావడ జారింది. ఒక చేత్తో దాన్ని పట్టుకుని, ఒంటి కర్రతో పాట అయ్యేదాకా ఆడింది పాపం. లోపల లెగ్గింగ్ ఉంది కాబట్టి పరువు దక్కింది గానీ, జనం నవ్వు మాత్రం ఆగలేదు.

ఇంటికొచ్చి "నేనింక కోలాటానికి పోను మా" అంది. నిజంగానే పోలేదు. సాయంత్రం గుడి దగ్గర పాట మొదలైతే ఇంట్లో టీవీ సౌండ్ పెంచేది. గరిటెలు దొరికితే చాలు తాళం వేసే పిల్ల అలా కూర్చుంటే నేను చూడలేకపోయేదాన్ని.

ఈ వేసవిలో తిరునాళ్ళ దగ్గరపడుతుంటే, "నీ నడుముకు నేను కొలిచి కుడతా, జారితే నన్నడుగు" అన్నాను.

"నాకొక్కదానికి కుడితే ఎట్టా? అందరం ఒక్కటిగా కనపడాల గదా."

"అయితే అందరికీ కుడతా పో!"

రోషం మాటలు అంటే సరిపోతుందా, నిలబెట్టుకోవాలి. నేనేమో టైలర్‌ని కాదు. మా అమ్మ మిషన్ మీద చిన్నప్పుడు నేర్చుకున్న నాలుగు కుట్లే నా చదువు. గుడ్డకు బీరువాలోని పెట్టుబడి చీరలున్నాయి. పావడలు తలా ఒక రంగు, జాకెట్టూ ఓణీ అందరికీ ఒకటే ఎరుపు అనుకున్నాను. ఎలాస్టిక్ జోలికి పోలేదు. నడుముకు వెడల్పాటి పట్టీ, దానికి హుక్కు, పైన బొందు.

అంతలో ముహూర్తాలు వచ్చిపడ్డాయి. బుచ్చిరెడ్డిపాలెంలో నిశ్చితార్థం, నెల్లూరులో ఓణీల ఫంక్షన్, వెంకటాచలంలో గృహప్రవేశం, మధ్యలో మా వరి కోతలు. ఏ ఒక్కదానికి పోకపోయినా "మా ఇంటికి రావడానికే తీరికలేదా" అని పదేళ్ళు దెప్పుతారు. అందుకని కుట్టుపనినే సంచిలో వేసుకుని తిరిగాను. ఇంట్లో మిషన్ మీద కుచ్చిళ్ళు, బస్సులో హుక్కులు, ఫంక్షన్ హాల్లో లేసు. "పెళ్ళికూతుర్ని చూసినావా అసలు?" అని మా ఆయన ఎగతాళి చేసేవాడు. చూడలేదు మరి.

వెంకటాచలంలో రెండో బంతి భోజనం కోసం కాచుకుని, ఒళ్ళో పావడ పెట్టుకుని లేసు కుడుతున్నాను. పక్కన మా చిన్నత్త. మా మామగారి తమ్ముడి భార్య. మా కుటుంబంలో ఆమె మాటకు తిరుగులేదు. పావడ అంచు వేళ్ళతో పట్టుకుని చూసింది. చిలకపచ్చ చీర, అంచు నిండా నెమళ్ళు. నేసినవాడు ఏ ధ్యాసలో ఉన్నాడో గానీ అచ్చం బాతుల్లా ఉంటాయి. ఒకసారి చూస్తే మరిచిపోయేవి కావు.

"ఇది మా మనవడి పుట్టెంట్రుకలప్పుడు నేను పెట్టిన చీర కదమ్మే?"

"అవునత్తా."

"శుభమా అని పెడితే కత్తెర పెట్టినావా?"

ఆమెది పెద్ద గొంతు. హాల్లో సగంమంది ఇటు తిరిగారు. నా చెవులు వేడెక్కాయి. నేనూ తగ్గే రకం కాదు. "ఇంకొకరికి అంటగట్టలేదు గదత్తా. నా బిడ్డ కట్టుకుంటాది. అంతకన్నా శుభం ఏముండాది?" అన్నాను.

ఆమె నోరు తెరిచేలోపు, ముందు కుర్చీలోంచి మా పెద్దాడబిడ్డ వెనక్కి తిరిగింది. "పిన్నమ్మా, ఈ బాతులు మా గృహప్రవేశంలో నేను నీకు పెట్టినవి గదా!"

తాంబూలం సంచులు పంచుతున్న వెంకటాచలం ఇంటావిడ అక్కడే ఆగిపోయింది. "ఇంకా తిరగతానే ఉండాదా అది? నీకు పెట్టింది నేనే గదక్కా!"

చిన్నత్త భుజాలు కదిలాయి. నవ్వు. ఆమె అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

"దొంగ బాతులు, ఎన్ని ఇళ్ళు తిరిగినాయే! సూది ఇట్టా ఇయ్యి. దారం నువ్వే ఎక్కించు, నాకు కనపడదు."

బంతి వేశామని పిలిచినా ఆమె లేవలేదు. ఆ తర్వాత ఏ ఫంక్షన్‌కు పోయినా, భోజనానికి కాచుకునే ఆడవాళ్ళు నా సంచి లాక్కుని తలా ఒక సూది పట్టేవాళ్ళు. తక్కువపడిన చీరలు వాళ్ళ బీరువాల్లోంచే వచ్చాయి.

తిరునాళ్ళ సాయంత్రం గాలి సముద్రం వైపు నుంచి తిరిగింది. పన్నెండు రంగులు వరుసగా వచ్చి నిలబడ్డాయి. అందరూ పిల్లల ముఖాలు చూస్తుంటే నేను మా పిల్ల నడుము చూస్తున్నాను. పాట జోరందుకుంది. పోయినసారి పావడ జారిన ఆ చోటు వచ్చింది. తన చెయ్యి నడుము దగ్గరికి వెళ్ళింది. వెళ్ళి, అక్కడే ఆగి, పైకి లేచింది. రెండు చేతులూ లేచాయి. తలపైన కర్రలు టక్కుమన్నాయి. పావడ గిర్రున విచ్చుకుంది గానీ ఉన్నచోటు నుంచి జారలేదు. నాకు ఏడుపూ గర్వమూ ఒకేసారి వచ్చాయి. రెండూ దాచుకోలేదు.

ఆట ముగిశాక పక్క ఊరి జట్టు పిల్లలు వీళ్ళ చుట్టూ మూగారు. "ఏ టైలర్ కుట్టినాడక్కా?" అని ఒకమ్మాయి అడిగింది.

"టైలరేంది? మా అమ్మ కుట్టింది" అంది మా పిల్ల. అని ఊరుకోకుండా, వాళ్ళ కోసం ఇంకోసారి గిర్రున తిరిగి చూపించింది.

నేను అక్కడికి దగ్గర్లోనే మంచినీళ్ళ క్యాను పక్కన ఉన్నాను. వింటున్నానని తెలిస్తే సిగ్గుపడి ఆపేస్తుందేమోనని, అటు తిరిగి, ఎవరూ అడగకుండానే గ్లాసులు నింపుతూ నిలబడ్డాను.